ఆయానే ర్యాంకు

నాన్నకి,

సముద్రాలవతలి టూంగాబీ నుంచి మీ హెలెనా వందనాలు. ఫోన్లో నోరు పెగలక ఈ మెయిల్ రాస్తున్నాను. ఫోనెత్తగానే మీరు "ఏమ్మా, ర్యాంకెంత?" అంటారు. ఇక్కడి యూనివర్సిటీలో ర్యాంకులుండవని ఎంత మొత్తుకున్నా, గుంటూరు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మీకు చెవికెక్కదు.

సరే, ఈసారి నిజంగానే ఒక ర్యాంకు చెబుతాను. నాది కాదులెండి. మా ఇంటి దగ్గరి అమ్మాయిల సాకర్ క్లబ్బులో ఆయానే అని జపాన్ అమ్మాయి ఆడుతుంది. ఆదివారం చర్చి అయ్యాక అక్కడికెళ్లి ప్లేయర్ల కాళ్లకి బెణక్కుండా టేపు చుడుతుంటాను. క్లబ్బువాళ్లు ఎవరికెంత ఆదరణ ఉందో ఆన్‌లైన్‌లో ఓట్లు పెట్టి రోజూ ర్యాంకులిస్తున్నారు. ఆయానే అందరికంటే ఆఖరు. గోలు కొట్టేవాళ్లనే జనం చూస్తారు. గోలు పడకుండా అడ్డుపడే పిల్లని ఎవరు చూస్తారు? "సమ్‌బడీ మస్ట్ బీ లాస్ట్, హెలెనా" అని నవ్వేసింది. నాకే ఏడుపొచ్చింది.

ఎందుకంటే, నాన్నా, ఎంసెట్ అప్పుడు మీ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలూ వేయించారు. నాది లేదు. ర్యాంకు రానివాళ్ల ఫొటో వెయ్యరని నాకూ తెలుసు. కానీ ఆ ఫ్లెక్సీ ముందునుంచి ఇంటికి నడిచినప్పుడు మీరు నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. అది ఇంకా నొప్పిగానే ఉంది.

డేటా సైన్స్ నావల్ల కావడం లేదు. ఫిజియోథెరపీకి మారాలనుంది. ఆయానే కాలికి టేపు చుడుతున్నంతసేపూ నాకు వేరే దిగులుండదు. శుక్రవారంలోపు యూనివర్సిటీకి చెప్పాలి. మీరు వద్దంటే మారను.

మీ
హెలెనా

*

చిట్టితల్లీ,

నీ మెయిల్ చదివాక క్లాసుకెళ్లి పాఠం చెప్పలేకపోయాను. ఆఖరి ర్యాంకు వచ్చిన పిల్లని అలా గాలికొదిలేస్తారా ఎక్కడైనా? బోర్డు మీద లెక్క తుడిచేసి, మీ క్లబ్బు పేరూ ఆ అమ్మాయి పేరూ రాసి, ఇంటికెళ్లి అందరూ ఓటెయ్యండన్నాను.

ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి, "సార్, ఆమె బాగా ఆడుద్దా?" అంది.

"నాకేం తెలుసమ్మా! ఆ ఆటేందో కూడా తెలవదు నాకు. మా అమ్మాయికి ఇష్టం, అంతే" అన్నాను.

ఇన్నేళ్లలో ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. పిల్లలందరూ ఓటేసినట్టున్నారు. పొద్దున చూస్తే ఆయానే మూడో ర్యాంకులో ఉంది. ఫస్ట్ ఎందుకు రాలేదని అడగను, భయపడకు.

ఆ రోజు నీతో మాట్లాడకపోవడం కోపంతో కాదమ్మా. నిన్నెలా ఓదార్చాలో తెలియలేదు. నోరు తెరిస్తే ఏడ్చేస్తానని భయమేసింది.

శుక్రవారం దాకా ఆగకు, రేపే వెళ్లి చెప్పు. ఎందుకు మారుతున్నావని అడిగితే నీకిష్టమని చెప్పు. నాకు ఆ కారణం చాలు, వాళ్లకీ చాలాలి.

నీ నాన్న
ఆనందబాబు