యాగోద తెచ్చిన కాఫీ పొట్లం

నెవెనా,

పొద్దున బస్సుకే పిరోత్ వెళ్తున్నాను. మా చెల్లి కోస ఇవాళ పచ్చడికి మిరపకాయలు కాలుస్తోంది, ఒక్కతే చేసుకోలేదు. పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసు ఉంది, వేడి చేసుకుని తిను. చీకటి పడకముందే కోళ్ళను గూట్లో పెట్టెయ్.

నిన్న నువ్వు పనికి వెళ్ళాక నీ స్నేహితురాలు యాగోద వచ్చింది. మన ఊళ్ళో ఎవరూ వట్టి చేతులతో గడప తొక్కరు కదా, పావుకిలో కాఫీ పొట్లం పట్టుకొచ్చింది. "నెవెన డబ్బు ఇవ్వకపోతే ఈ చలికాలం మా ఇంట్లో కట్టెలుండేవి కావు బామ్మా" అంది. నాకు ముందే తెలుసనుకుంది పాపం. నేనూ తెలిసినట్టే తల ఊపాను.

చలికాలం బూట్లు కొనుక్కోమని నీ పుట్టినరోజుకి నేనిచ్చిన డబ్బది. కొట్లో నీ సైజు లేదని నాకెందుకు చెప్పావే? ఇచ్చాక అది నీ డబ్బు, నన్ను అడగక్కర్లేదు. అబద్ధం మాత్రం ఆడకు, నా కోపమంతా దానికే. ఇవాళ బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నా నా మనవరాలి గురించి వినాల్సిందే. యాగోద పేరు ఎత్తనులే.

నా పాత బూట్లు తలుపు వెనక ఉన్నాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే నీకు సరిపోతాయి.

బామ్మ

ఆ కాఫీ పొట్లం నేను విప్పలేదు. యాగోద వాళ్ళింట్లో కాఫీ నిండుకుని ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు అదే పట్టుకెళ్ళు. ఊరంతా కొనేది ఆ రకం పొట్లమే, గుర్తుపట్టరు. నువ్వు మాత్రం వట్టి చేతులతో ఎలా వెళ్తావు?