రాధ గుర్తు పెట్టిన తాబేలు

1986, వైశాఖం, మంగళవారం

చేపలు పట్టే మా మరిది పోశం పొద్దున తన వలలో చిక్కిన తాబేలును తెచ్చి మా గడపలో పెట్టాడు. దాని డిప్ప మీద నా బిడ్డ రాధ పోయినేడు దీన్ని మడుగులో వదిలే ముందు పూసిన గోళ్ల రంగు ఇంకా ఎర్రగానే ఉంది. రాధ జ్వరంతో పోయి తొమ్మిది నెలలు.

"ఇన్ని దినాలు ఏడ తిరిగిందయ్యా ఇది?" అని అడిగాను.

"వానలల్ల వాగు ఒర్రె ఎక్కి పొలాల దాకా పోతది వదినా. వరద నీళ్లు తీసినంక మల్ల గదే మడుగుకు వస్తది."

వచ్చే వారం మేము ఈ ఊరు విడిచి అహేరికి వెళ్ళిపోతున్నాము. దీన్ని గంపలో పెట్టి తీసుకుపోతానన్నాను. పోశం నవ్వాడు.

"బస్సుల దానికి గూడ టికెట్ కొంటవా? ఆడ ఇడిస్తే గీ మడుగు ఎతుక్కుంట తొవ్వల సస్తది."

సాయంత్రం ప్రాణహిత నది మడుగులో మోకాటి లోతుకు దిగి దాన్ని వదిలాను. నీళ్ల కింద ఆ ఎరుపు కాసేపు మెల్లగా కదిలి, ఇసుక రంగులో కలిసిపోయింది. రాధ కూడా వానల్లోనే పోయింది. నీళ్లు తీసినాక వస్తే ఇంటికి తాళం ఉంటుంది. ఇది పిచ్చి ఆలోచన అని నాకు తెలుసు. అయినా రేపు మా ఆయనతో చెప్పాలి, అహేరికి నేను రానని. ఆయన సామాను సగం కట్టేశాడు. ఎట్లా చెప్పాలో...