టీవీలో తక్కువైన యాభై గీతలు

కొత్తవాడ, వరంగల్
4-3-1985

టీవీల దుకాణం సుందర్ రావు గారికి గట్టయ్య నమస్కారాలు.

పోయిన వారం మీ దగ్గర టీవీ కొన్నాను. తెర మీద ఆరువందల ఇరవై అయిదు గీతలు ఉంటాయని, వాటితోనే బొమ్మ తయారవుతుందని మీరే చెప్పారు. నేను ముప్పై ఏళ్లు జంపఖానాల సంఘంలో పోగులు లెక్కపెట్టినవాణ్ణి. అప్పుడు వాడిన భూతద్దమే తెరకు ఆనించి రెండు సాయంత్రాలు లెక్కపెట్టాను. అయిదువందల డెబ్బై అయిదే ఉన్నాయి. బిగించడానికి వచ్చిన మీ మెకానిక్ సాల్మన్ వెనక మూత విప్పాడు. మిగతా యాభై ఏమయ్యాయో అతన్ని అడగండి.

ఇట్లు,
గట్టయ్య

తా.క.: మా ఆవిడ వరలక్ష్మికి ఇంకొకటి తక్కువ వచ్చింది. ఆమె కళ్లజోడు పెట్టుకోలేదు.

హనుమకొండ
8-3-1985

గట్టయ్య గారికి ప్రభువు పేరిట వందనాలు.

మీ ఉత్తరం అందింది. అద్దం తెప్పించి షాపులోని తొమ్మిది టీవీలూ నేనే లెక్కపెట్టాను. అన్నిట్లోనూ యాభై తక్కువే. అన్నిటినీ విప్పింది సాల్మనే. నిన్ననే పనిలోంచి తీసేశాను.

మీ
సుందర్ రావు

తా.క.: అతని సంచి వెతికాను. స్క్రూడ్రైవర్, టిఫిన్ డబ్బా, బైబిలు ఉన్నాయి. గీతలు ఎక్కడ దాచాడో తెలియలేదు.

కొత్తవాడ
12-3-1985

సుందర్ రావు గారికి,

సాల్మన్, అతని భార్య లిదియా మా ఇంటికి వచ్చారు. అతను ఏడవలేదు, తిట్టలేదు. "పెద్దయ్యా, కిరణం పైనుంచి కిందికి బొమ్మ గీసుకుంట వస్తది. కిందికొచ్చినంక మళ్ల పైకి పోవాలె గద. ఆ పోయే టైముల యాభై గీతలు గడిచిపోతయి. వాటిల బొమ్మ ఉండది. ఏ టీవీలనైనా గంతే" అన్నాడు.

మగ్గానికి కట్టిన పడుగు పోగుల కొస కూడా నేతకు అందదు, గుడ్డ కాదు. దాన్ని నేతగాడు దొంగిలించాడని నేనెన్నడూ రాయలేదు. ఒక మంచివాడి పొట్ట కొట్టాను. వెంటనే అతన్ని పనిలోకి పిలవండి.

సిగ్గుతో,
గట్టయ్య

తా.క.: వరలక్ష్మి నాతో మాట్లాడటం మానేసింది. వార్తలు చదివే ఆయనతోనే మాట్లాడుతోంది.

హనుమకొండ
19-3-1985

గట్టయ్య గారికి వందనాలు.

కంపెనీకి రాస్తే వాళ్లూ అదే మాట చెప్పారు. ఆరేళ్లుగా టీవీలు అమ్ముతున్నాను, నాకే తెలియదు. కానీ సాల్మన్‌ను మళ్లీ పిలిస్తే యజమానికి ఏమీ రాదని బజారంతా నవ్వుతుంది. షాపు పరువు చూసుకోవాలి. అతను ఇంకెక్కడైనా పని చూసుకుంటాడులెండి.

మీ
సుందర్ రావు

తా.క.: నేను కూడా లెక్కపెట్టానని ఎవరితోనూ అనకండి. ఆదివారం చర్చిలో సాల్మన్‌కు కనపడకుండా చివరి బెంచీలో కూర్చున్నాను.

కొత్తవాడ
27-3-1985

సుందర్ రావు గారికి గట్టయ్య మళ్లీ నమస్కారాలు.

మీ పరువు మీ ఇష్టం. తప్పు నాది కాబట్టి దిద్దుకునే పని నేనే చేశాను. మీ షాపుకు సరిగ్గా ఎదురుగా ఒక మడిగె ఖాళీగా ఉంటే సాల్మన్ పేరున కిరాయికి తీసుకున్నాను. టీవీ రిపేరు దుకాణం. మా కొత్తవాడలో టీవీ ఉన్న ఇళ్లన్నీ అక్కడికే వస్తామన్నాయి. సాల్మన్‌కు మీ మీద కోపం లేదు. నాకే ఇంకా ఉంది.

ఇట్లు,
గట్టయ్య

తా.క.: వచ్చే సోమవారం ప్రారంభం. పని నేర్పిన యజమాని కాబట్టి రిబ్బను మీరే కత్తిరించాలని సాల్మన్ కోరిక. రోడ్డు దాటితే చాలు, తప్పకుండా రండి.