నాలుగేళ్ళ లెక్క

ప్రియమైన కోడలు పిల్లకి,

ఫోన్ చేస్తే నీ మాటల్లో సగం ఆ కొండగాలే మింగేస్తోంది. అందుకే ఉత్తరం. ఇక్కడ అంతా క్షేమం. వానల్లేని రోజుల్లో మా వరద అంచనాల ఆఫీసులో పెద్దగా పనుండదు. బుర్ర ఊరుకోదు కదా, వెళ్ళి గాలిని కొలిచే నీ పనిలో వేలు పెట్టాను.

పోయినసారి వచ్చినప్పుడు గిన్నెలు తుడుస్తూ అన్నావు, "ఇలాంటి గాలిలోకి బిడ్డని ఎలా కనాలి అత్తయ్యా?" అని. కనమని నేను అడగలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ముప్పై ఏళ్ళుగా జలాశయాల లెక్కలు వేస్తున్నాను. వచ్చే నీరు, పోయే నీరు, మిగిలింది నిల్వ. ఈసారి గాలినే ఒక జలాశయం అనుకున్నాను, నీళ్ళ బదులు కార్బన్ డయాక్సైడ్. పొగగొట్టాలు, వాహనాలు, కుళ్ళే ఆకులు, సముద్రం వదిలేది కలిపితే వచ్చే ప్రవాహం. చెట్లూ సముద్రమూ పీల్చుకునేది పోయే ప్రవాహం. చెరువు నిండేకొద్దీ తూము జోరుగా పారుతుంది కదా, అదే సూత్రం పెట్టాను. మొత్తం నిల్వని ఏడాదికి పోయేదానితో భాగిస్తే ఎంతొచ్చిందో తెలుసా? నాలుగేళ్ళు! పొగగొట్టాలు కట్టేస్తే చాలు, బిడ్డ బడిలో చేరే వేళకి అంతా శుభ్రం. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే బడి దాకా వెళ్ళిపోయిందని నవ్వుకోకు.

లెక్క కాగితాలు ఇందులోనే పెట్టాను. తప్పులుంటే దిద్దు. గాలి సంగతి నీకు తెలుసు, నేను నీళ్ళ మనిషిని.

నీ జవాబు కోసం చూస్తూ,
అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం సోమవారం సరుకుల జీపులో వచ్చింది. చదివిందే మళ్ళీ మళ్ళీ చదివాను. మీరు పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. లెక్క చాలా ఓపిగ్గా వేశారు. తప్పుల సంగతి తర్వాత చూద్దాం. ఇంకెవరికీ పంపకండి, కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనివ్వండి.

ఇక్కడ ఒకటే చలి. రోజూ టవర్ ఎక్కి గాజు సీసాల్లో గాలి పట్టడం నా పనే కానీ, ఈ వారం కళ్ళు తిరుగుతున్నాయని అటెండర్‌ని ఎక్కమన్నాను. నిద్ర చాలక, అంతే. కంగారు పడకండి. గురువారం కొండ దిగి వెళ్ళాల్సిన పని ఒకటి ఉండింది, మానుకున్నాను. మీ అబ్బాయి బాగానే ఉన్నారు. వారమంతా కింద ఊళ్ళో బడి పిల్లల మీద అరిచి అరిచి, శనివారం పైకొచ్చి మూగనోము పట్టి కూర్చుంటారు.

అత్తయ్యా, నిజంగా నాలుగేళ్ళేనంటారా? మళ్ళీ ఒకసారి రాయండి.

ప్రేమతో,
మీ కోడలు


అమ్మాయీ,

ఈసారి 'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండు నెలలు ఎందుకు ఊరుకున్నానో చెప్తాను.

మా ఆఫీసు చూసే జంట చెరువులున్నాయి. రెండూ ఒకే మట్టం, మధ్యలో కాలువ. గాలివాటాన్ని బట్టి నీళ్ళు అటూ ఇటూ పోతుంటాయి. ఎంత తొందరగా కలుస్తాయో చూద్దామని ఒక చెరువులో ఎర్రరంగు కలిపాం. వారం తిరక్కుండానే రంగు దాదాపు మాయం. మావాళ్ళు సంబరపడ్డారు. నేను గట్టు దిగి మట్టం రాయి చూశాను. అంగుళం కూడా తగ్గలేదు. రంగునీళ్ళు అటు పోతే, వాటి చోటికి అటువైపు నీళ్ళు వచ్చాయి. అప్పుడు నీకు పంపిన లెక్క గుర్తొచ్చింది.

నేను లెక్కగట్టింది రంగు పోయే కాలం, మట్టం దిగే కాలం కాదు. పొగగొట్టం వదిలింది నాలుగేళ్ళలో సముద్రంలోకో చెట్లలోకో పోతుంది, నిజమే. దాని బదులు అవి ఇంకొకటి పైకి పంపుతాయి. మనం పోసిన అదనం గాలి, సముద్రం, చెట్లు అనే చెరువులన్నిటిలో సర్దుకుని కూర్చుంటుంది. అది అడుక్కి ఇంకడానికి వందల ఏళ్ళు, కొంతభాగానికి వేల ఏళ్ళు.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని, నువ్వు వద్దన్నా వినకుండా ఇంజనీర్ల సభలో చదవడానికి ఒప్పుకున్నాను. ఇప్పుడు పేరు తీసేయించుకున్నాను. పరువు పోతే పోయింది, నా బాధ అది కాదు. మీ చదువులో ఇది మొదటి ఏడాది పాఠమట కదా. నువ్వు చూడగానే పట్టుకుని ఉంటావు. మరి చెప్పలేదేం? అత్తగారు నొచ్చుకుంటుందని జాలిపడ్డావా? తిట్టినా పడేదాన్ని. జాలి మాత్రం నాకొద్దు.

అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకి,

జాలి కాదు. సముద్రంలోకి పోయిన మన పొగ బదులు మళ్ళీ ఏదీ పైకి రాదన్నట్టు మీరు రాసిన చోటే పట్టుకున్నాను. పెన్సిల్ కూడా తీశాను, దిద్దలేకపోయాను.

మీ మొదటి ఉత్తరం వచ్చిన ఆ సోమవారానికి నాకు రెండో నెల దాటింది. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా అలా జరిగింది. పిల్లలు వద్దని ఇద్దరం కలిసి అనుకున్నదే కాబట్టి, మీ అబ్బాయిని కలవరపెట్టడం ఎందుకని ఆయనకీ చెప్పలేదు. గురువారానికి కింద ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాను, కడుపు తీయించేసుకుందామని. సీసాల్లో కార్బన్ డయాక్సైడ్ అంకె ఏటికేడు పెరగడం నా చేత్తోనే రాస్తున్నాను కదా, బిడ్డ వద్దనడంలో నాకు అనుమానం లేదు. అప్పుడే మీ ఉత్తరం వచ్చింది.

తప్పని తెలుసు. తెలిసీ బుధవారం మళ్ళీ చదివాను. లెక్కలు వచ్చిన ఒక మనిషి, నామీద ప్రేమున్న మనిషి, అంతా శుభ్రమైపోతుందని నాకు రాసింది. ఆ మాట కొట్టేయడానికి చేతులు రాలేదు. గురువారం జీపు నేను లేకుండానే వెళ్ళిపోయింది, ఆ తర్వాతి గురువారం కూడా. మీ రెండో ఉత్తరం అందేసరికి ఆ చిన్న ఆసుపత్రిలో ఇక తీయని నెల వచ్చేసింది.

మీరు సిగ్గుపడకండి. మీ తప్పు మీద ఒక ప్రాణాన్ని నిలబెట్టింది నేను. మంచి చేశానో చెడు చేశానో తెలియడం లేదు. తీపికబురులా రాయాలని ఎంత అనుకున్నా చేతకావడం లేదు. ఈమధ్య బిడ్డ కదులుతోంది. కదిలినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది, వెంటనే భయం వేస్తుంది. కాన్పుకి మీరు రావాలి. అమ్మ లేనిదాన్ని, మీరు కాక నాకెవరున్నారు?

నిన్న ఆయనకి చెప్పాను. కోప్పడలేదు, నవ్వలేదు. పొయ్యి మీద కూర దించి వచ్చి నా పక్కన కూర్చున్నారు. తర్వాత లేచి, గాలి లోపలికి రాకుండా ఇంట్లో కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసి వచ్చారు.

మీ కోడలు