నలభై ఆరు కిలోల అక్క

జూన్ 3, సోమవారం

క్లాసులో టీచరమ్మ తలా ఒక నోటుబుక్ ఇచ్చింది. రోజూ ఒళ్లు ఎలా ఉందో రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు అంది. నా చదువు మూడో తరగతి. గోడౌన్‌లో బస్తాల మీద మార్కా వేసీ వేసీ నాలుగక్షరాలు చేతిలో నిలబడ్డాయి, అంతే. తప్పులుంటే ఉండనీ. చదివేవాడు లేడు.

నలభై ఒక్క ఏళ్లు హమాలీగా చేశాను. వంద కిలోల బస్తా వీపున వేసుకుని చెక్క మీద నడిచి లారీ ఎక్కేవాణ్ని. ఇప్పుడు డెబ్బై రెండు. ఈ క్లాసు పేరు పిలాటిస్, నడుముకి బలమిచ్చే కసరత్తట. దీనికి నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది.

చేరింది అక్క కోసం. నాలుగేళ్ల కిందట అక్కకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. తనకి మొగుడు లేడు, నాకు పెళ్లాం లేదు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. స్నానం చేయించే ఆవిడ పొద్దున ఒక గంట వచ్చి పోతుంది. మిగతా రోజంతా మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తడం నా పని. అక్క బరువు నలభై ఆరు కిలోలు. నేను మోసిన బస్తాలో సగం లేదు. పోయిన నెల ఎత్తుతుంటే నడుం పట్టేసింది. ఇద్దరం కింద పడ్డాం. తమ్ముడొచ్చి లేపేదాకా గంటన్నర నేల మీదే ఉన్నాం. ఆ గంటన్నరా అక్క నన్ను తిడుతూనే ఉంది.

తమ్ముడు ముసలివాళ్ల హోములో అక్కకి మంచం మాట్లాడేశాడు. నెలాఖరుకి వస్తాడట. అక్కని నేను పడెయ్యకుండా ఎత్తి చూపిస్తే ఇక్కడ, లేదంటే అక్కడ. అన్నయ్యా, ఈసారి నేను రావడం ఆలస్యమైతే ఏంటి పరిస్థితి అన్నాడు. డాక్టరేమో నడుంలో ఎముకలు బాగానే ఉన్నాయి, కండలే సమ్మె చేస్తున్నాయి, వెళ్లి ఆ క్లాసులో చేరు అన్నాడు.

జూన్ 5, బుధవారం

మందుల షాపు మీద గది. మొత్తం ఆరుగురం. మోకాళ్లు అరిగిన బస్సు డ్రైవరు. మెడ కొంగలా ముందుకు సాగిన ఆఫీసాయన. ఏడో నెల కడుపుతో ఉన్న ఒకమ్మాయి. చిన్నప్పటి నుంచీ ఒక కాలు పొట్టిగా ఉన్న టైలరమ్మ. పడుకోబెడితే చాలు నిద్రపోయే లెక్కల మాస్టారు. నేను.

ఒకే పనిని టీచరమ్మ ఆరుగురికి ఆరు రకాలుగా చెబుతుంది. డ్రైవరుకి మోకాలి కింద దిండు పెట్టింది. కడుపుతో ఉన్న అమ్మాయిని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. నాకు కుర్చీ వేసింది. కుర్చీ! అవతల పారెయ్యమన్నాను. రబ్బరు పట్టీలు తెచ్చింది. పసుపుది మెత్తన, నల్లది గట్టి. నాకు పసుపుది ఇచ్చింది. నల్లదే కావాలన్నాను. నడుం మీది, ఇష్టం మీది తాతగారూ, కానీ ఒక్కసారే అంది.

నల్లది లాగాను. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. టైలరమ్మ చూసి, పెద్దాయనా, మీ మొహం వంకాయ రంగుకొచ్చింది, ఎవరి మీద కోపం అంది.

జూన్ 6, గురువారం

లేవలేకపోయాను. అక్క రోజంతా మంచం మీదే ఉంది. ఇవాళ తిట్టలేదు.

జూన్ 10, సోమవారం

పసుపు పట్టీ తీసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మీరు ఊపిరి బిగబడుతున్నారు, బలం పెట్టేటప్పుడు వదలాలి అంది. అమ్మా, దమ్ము బిగించకపోతే బస్తా లేవదు, నువ్వు పుట్టకముందు నుంచీ ఎత్తుతున్నాను అన్నాను. ఆ వయసులో చెల్లింది, ఇప్పుడు బిగబడితే మీకు తల తిరుగుతుంది, కాళ్లు వదిలేస్తాయి, అప్పుడు నడుంతో లాగుతారు అంది. పట్టీ లాగుతూ పది దాకా పైకి లెక్కపెట్టమంది. ఇదేం గొప్ప అనుకున్నాను. మూడు దగ్గర ఆగిపోయాను. లెక్కల మాస్టారు నిద్రలోంచి లేచి, నాలుగు అని అందించాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది.

జూన్ 12, ఉదయం 5 గంటలు

మా గ్యాంగులో అందరూ హైలెస్సా అని అరిచి ఎత్తేవాళ్లు. నేను అరిచేవాణ్ని కాదు. బలం చాలనివాడే అరుస్తాడని నా లెక్క. నన్ను మూగెద్దు అనేవాళ్లు. అది బిరుదు అనుకుని ఛాతీ విరుచుకు తిరిగాను.

అరవడమంటే ఊపిరి వదలడమే కదా. నలభై ఏళ్లు చెవి పక్కనే అరిచారు. ఎద్దుకి ఎక్కలేదు.

జూన్ 14, శుక్రవారం

క్లాసులో అరిచి చూశాను. పిల్లి కూసినట్టు వచ్చింది. డ్రైవరు, తాతా, నీ హారన్ చెడిపోయింది అన్నాడు. కడుపుతో ఉన్న అమ్మాయి, మా వాడికి ఇప్పటి నుంచే అలవాటు చెయ్యండి, గట్టిగా కానివ్వండి అంది. రోషం వచ్చింది. గొంతు పగిలేలా అరిచాను. మందుల షాపాయన, ఎవరు పడిపోయారంటూ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

తల తిరగలేదు. అది రాయాలి. తల తిరగలేదు.

జూన్ 19, బుధవారం

లాగుతూ ఇరవై దాకా లెక్కపెట్టాను. మాస్టారు నిద్ర లేవలేదు.

జూన్ 21, శుక్రవారం

ఇంట్లో మొదటిసారి. స్నానం చేయించే ఆవిణ్ని పక్కన నిలబెట్టుకున్నాను. టీచరమ్మ చెప్పినట్టు మోకాళ్లు వంచి, అక్క నడుం చుట్టూ చేతులు వేసి, హైలెస్సా అని అరిచాను. అక్క తేలిగ్గా పైకొచ్చేసింది. ఎంత తేలికంటే, నేనే వెనక్కి తూలాను.

ఏం చేశావే అన్నాను. నువ్వు అరిచావు, నేను ఎడం కాలితో నేలని తన్నాను అంది. మరి ఈ నాలుగేళ్లూ ఎందుకు తన్నలేదు అని గద్దించాను. ఒరేయ్, నువ్వెప్పుడు ఎత్తుతావో నాకేమైనా చెప్పావా, దొంగలా వచ్చి చప్పుడు లేకుండా ఎత్తి పడేస్తావు, బస్తా ఎక్కడైనా కాళ్లాడిస్తుందా, అందుకే బస్తాలాగే ఉన్నాను అంది.

బట్టలు ఆరెయ్యడానికి దొడ్లోకి వెళ్లాను. ఆరేసిన బట్టలే తీసి మళ్లీ ఆరేశాను.

జూన్ 26, బుధవారం

ఇవాళ ఆరుసార్లు ఎత్తాను. ఎత్తాను అని రాయకూడదేమో. లేచాం.

జూన్ 30, ఆదివారం

తమ్ముడు వ్యాను తీసుకుని వచ్చాడు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడి ముందు అరవాలంటే సిగ్గేసింది. చిన్నప్పుడు వాణ్నొక భుజం మీద, బియ్యం మూటనొక భుజం మీద వేసుకుని నడిచినవాణ్ని. నోరు మూసుకుని ఎత్తాను. అక్క కాలు కదల్లేదు. నడుంలో కలుక్కుమంది. తనని మళ్లీ మంచం మీద కూర్చోబెట్టేశాను.

తమ్ముడు గూట్లో ఉన్న అక్క బట్టలు తీసి సంచిలో పెట్టడం మొదలెట్టాడు.

అక్క నా వైపు చూసి, పక్షవాతం నాకొచ్చిందా నీ నోటికొచ్చిందా అంది.

అప్పుడు అరిచాను. తమ్ముడి చేతిలో సంచి జారిపోయింది. అక్క లేచింది, ఒక్క క్షణం నా భుజం పట్టుకుని నిలబడింది, కుర్చీలో కూర్చుంది. తమ్ముడు ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చేశాం. సరే అన్నయ్యా, వ్యాను పంపించేస్తాను, ఇక్కడే ఉండనీ అన్నాడు. ఇక్కడే ఉంటుంది అన్నాను ఛాతీ విరిచి.

మీరిద్దరూ నన్ను కాటా మీద పెట్టారు అంది అక్క. ఒకడు పంపిస్తానంటాడు, ఒకడు పంపనంటాడు, నీకేం కావాలని ఒక్క సన్నాసీ అడగలేదు అంది.

ఇద్దరం నేల చూపులు చూశాం. నేనే అడిగాను, ఉంటావా అక్కా, వెళ్తావా అని. తమ్ముడు, అక్కడ మాట్లాడ్డానికి నీ ఈడు ఆడవాళ్లుంటారు, నర్సులుంటారు అన్నాడు. అది నిజం. నాతో మాట్లాడినా గోడతో మాట్లాడినా ఒకటే, ఆ సంగతి నాకు తెలుసు. అక్క అంతా విని, రేపు చెబుతాను అంది.

రేపు అంటే రేపే. అది వినకుండా క్లాసుకి వెళ్లను.

జూలై 1, సోమవారం

ఉంటానంది. మంచం కిటికీ వైపు తిప్పమంది. నాలుగేళ్లుగా మంచానికి అడ్డంగా నిలబెట్టిన బీరువా వెనకభాగమే చూస్తోందట.

తిప్పాను.