తడి తువ్వాలు

బంగారు అమ్మకు,

ఈ దేశం వచ్చి ఇరవై రోజులైంది. ఆసుపత్రిలో సేవ బాగానే సాగుతోంది. కాళ్ళు పట్టు తప్పినవాళ్ళను రెండు కడ్డీల మధ్య నడిపిస్తున్నాను. బెంగంతా ఇంటికి వచ్చాకే. నాకు గది ఇచ్చినావిడ సిటీ బస్సు నడుపుతుంది. డ్రైవరమ్మ అని పిలుస్తున్నాను. వాళ్ళాయన తాళాలు బాగుచేస్తాడు. ఇద్దరూ దేవుడిలాంటి మనుషులు, గొడవంతా అదే. వాళ్ళు సొట్టపళ్ళేల్లో తింటారు, నాకు మాత్రం అద్దాల బీరువాలోంచి పూల పళ్ళెం దిగుతుంది. గిన్నె తోమబోతే చేతిలోంచి లాక్కుంటారు. మొన్న కప్పు పగలగొట్టాను. "పోతే పోయిందిలే అమ్మా, నీకేం తగల్లేదు కదా!" అన్నారు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నా చిన్నప్పుడు కప్పు పగిలితే నీ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. "చేతులా, చేటలా అవి?" అని మొదలుపెట్టి, నా లెక్కల మార్కులమీదుగా తలలో పేలదాకా వెళ్ళి, చివరికి ముక్కు తుడిచి అన్నం పెట్టేదానివి. ఎంత హాయిగా నిద్రపట్టేదో.

ఇక్కడ ఉండలేనమ్మా. నెలాఖరుకి వచ్చేస్తాను.

నీ కూతురు

అమ్మా,

ముందు రాసిన ఉత్తరం చించెయ్. నేను రావడం లేదు.

ఇక్కడ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నిన్న డ్రమ్ము కుళాయి కట్టకుండా ఆసుపత్రికి వెళ్ళిపోయాను. సాయంత్రానికి డ్రమ్ములో చుక్క లేదు. డ్రైవరమ్మ యూనిఫాం బకెట్లో సబ్బునురగతో అలాగే ఉంది. ఆవిడ నడుంమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"కళ్ళు నెత్తికెక్కాయా? ఇంత వయసొచ్చింది, కుళాయి కట్టాలని తెలీదూ? రేపు నీ పంజాబీ డ్రెస్సు వేసుకుని బస్సు నడపనా? మొహం చూస్తావేంటి, బకెట్ పట్టు!"

వాళ్ళ భాష నాకు సగమే వచ్చు గానీ తిట్లు పూర్తిగా అర్థమయ్యాయి. వీధి చివర బోరింగు దగ్గర్నుంచి ఇద్దరం ఆరేసి బకెట్లు మోశాం. దారి పొడుగునా తిడుతూనే ఉంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాళాలాయన తలుపు దగ్గరే నిలబడి, "హమ్మయ్య! ఇరవై ఏళ్ళుగా ఈ తిట్లు ఒక్కణ్ణే తింటున్నాను. నాకో తోడు దొరికింది" అన్నాడు. భోజనానికి నాకూ సొట్టపళ్ళెమే పెట్టారు.

నీకు చెప్పని మాట ఒకటుంది. సేవ చెయ్యాలని వచ్చానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మూడేళ్ళ కిందట కాపురం వదులుకుని నీ దగ్గరికి వచ్చిన రోజునుంచీ నువ్వు నన్ను పల్లెత్తు మాట అనలేదు. బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నా అనలేదు. చివరికి కావాలనే వారం రోజులు తడి తువ్వాలు మంచంమీద పడేశాను. మాట్లాడకుండా తీసి ఆరేశావు, చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి చేసినట్టు. నామీద ఆశ వదిలేసుకున్నావనుకున్నాను. అది భరించలేకే ఇంత దూరం వచ్చాను.

నీ కూతురు

ఓసి మొద్దూ,

కావాలని పడేశావా? ఆ పరుపు చెమ్మ పట్టి కంపు కొడితే మూడు రోజులు ఎండలోకి ఈడ్చి నడుం పట్టేసింది నాకు! ఆ తువ్వాలు తీసిన ప్రతిసారీ తిట్టు నాలుక చివరిదాకా వచ్చేది. నీ మొహం చూసి మింగేదాన్ని. ఎవరెవరో ఎన్నెన్ని మాటలంటే అక్కణ్ణుంచి వచ్చావు, నేనూ ఒకటంటే ఎక్కడికి పోతావే? ఆ భయంతో నోరు కట్టుకుంటే ఏకంగా దేశం దాటిపోయావు.

ఉంటే ఉండు. మొదలుపెట్టిన పని పూర్తిచేసి రా. ఆ డ్రైవరమ్మకి నా నమస్కారాలు చెప్పు, జంకకుండా తిట్టమను. నీ వాటా ఇక్కడ మూడేళ్ళది మిగిలే ఉంది.

అన్నట్టు, నీ కవరుకి జిగురు సరిగ్గా అంటలేదు, నోరు తెరుచుకునే వచ్చింది. కడుపులో మాటంతా రాసుకున్న ఉత్తరం, ఆ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని అంటించలేవూ?

అమ్మ