దేవుడి గూట్లో మసి

అక్కా, నా రాత వంకర, అక్షరం తప్పులుంటాయి, ఏమనుకోకు. ఫోన్ చేస్తే అత్తమ్మ పక్కనే కూర్చుని వింటుంది, అందుకే కార్డు.

మీ మరిది ల్యాబులో పదేళ్ళుగా బొగ్గు మసిలోంచి కంటికి ఆనని రేణువులు తీస్తున్నారు కదా. మొన్న ఆ పని ఫలించిందని చిన్న డబ్బాలో కాస్త తెచ్చి చూపించారు. అత్తమ్మ మురిసిపోయి దాన్ని దేవుడి గూట్లో, కోటప్పకొండ స్వామి పటం ముందు పెట్టింది. నా కాటుక డబ్బా ఉండేదీ అక్కడే.

నిన్న, "ఏమే, దిష్టిచుక్క లేకుండా బిడ్డను బయటికి తెస్తావేంది!" అని అత్తమ్మ కేకేసింది. కంగారులో ఆయన డబ్బాలోని మసినే ఆముదంలో రంగరించి బాబు బుగ్గన పెట్టాను.

సాయంత్రం కరెంటు పోతే ఆయన తన ల్యాబు టార్చి వేశారు, ఆ రేణువులు మెరిసేలా చేసే ఊదారంగుది. బాబు బుగ్గ నీలంగా వెలిగింది. నా వేలు, ఉయ్యాల తాడు, తలుపు గడియ వెలిగాయి. బాబు నవ్వాడు. నాలుక కూడా వెలిగింది.

ఆయన టార్చి ఆర్పేశారు. "ఏం కాదులే. ఆసుపత్రికి మాత్రం వద్దు. డబ్బా ఇంటికి తెచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోద్ది" అన్నారు.

బాబు పాలు బాగానే తాగుతున్నాడు. నాకే భయం. నీకు ఒంట్లో బాగోలేదని అత్తమ్మకు ఫోన్ చేసి, మమ్మల్ని మాచర్ల పిలిపించు. అక్కడ పిల్లల డాక్టరుకు చూపిద్దాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు.

నీ చెల్లెలు అంజని

చోటు లేక అంచున రాస్తున్నాను. ఆ టార్చి వేసి చూస్తే ఈ కార్డు మీద కూడా నా వేలిముద్రలు వెలుగుతున్నాయి. చదివి కాల్చెయ్యి. ఆ బూడిద నీ పిల్లలు ముట్టకుండా చూడు.